మంచం కింద జాగా

లింగం కాక గురించి చెప్పాలంటే ముందు మా రూములోని శ్యాంసుందర్‌ని నాలుగు తిట్టి మొదలుపెట్టాలి. కాక ఎదురుగా ఉంటే నన్ను తిట్టనివ్వడు. ఆయనకు ఎవరినీ తిట్టడం చేతకాదు. ముప్పై ఏళ్ళు కువైట్‌లో ఉండి ముదీర్లనే మేనేజర్ల దగ్గర, డ్రైవర్ల దగ్గర, చివరికి గేటు కాడి కాపలావాళ్ళ దగ్గర కూడా మాటలు పడ్డాడు గానీ ఒక్కరికీ తిరిగి అప్పజెప్పలేదు. ఆయన వంతు కోపం కూడా నాకే వచ్చిందని మా రూములో అంటారు. అననీ. ఎవరో ఒకరికి రావాలి కదా.

నా పేరు నర్సింగ్, మాది ఆర్మూర్ దగ్గర. సబ్హాన్‌లో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. అదే గోదాములో లింగం కాక అట్టపెట్టెలు పేర్చి వాటి చుట్టూ ప్లాస్టిక్ చుడతాడు. ఆయన చుట్టిన సరుకు ఎత్తితే ఒక్క పెట్టె జారదు. వేరేవాళ్ళు చుట్టింది ఎత్తేటప్పుడు నేను మనసులో దేవుణ్ణి తలచుకుంటాను. ఆయనది జగిత్యాల దగ్గర ఊరు. ఫర్వానియాలో మా ఇద్దరిదీ ఒకటే రూము. మంచాలు ఆరు, మనుషులం తొమ్మిది మందిమి. రాత్రి డ్యూటీవాళ్ళు పొద్దున వచ్చి, పొద్దుటి డ్యూటీకి పోయినవాళ్ళ మంచాల మీద పడుకుంటారు. పోయేవాడు తన బొంత చుట్టి మంచం కిందికి తోస్తాడు, వచ్చేవాడు తనది పైకి లాక్కుంటాడు. ఏళ్ళుగా ఇలాగే నడుస్తోంది, దీనికోసం ఎన్నడూ గొడవ పడలేదు.

లింగం కాక మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన బిడ్డ ఇంకా పాలు తాగుతోంది. ఊళ్ళో ఫోను లేదు. ఆయనకు సంతకం వరకే వచ్చు, ఆయన భార్య వెంకటవ్వకు అదీ రాదు. అప్పట్లో గల్ఫులో ఉన్నవాళ్ళంతా చేసినట్టే వాళ్ళూ క్యాసెట్లో మాట్లాడుకునేవారు. సెలవు మీద పోయే మనిషి చేతికి క్యాసెట్ ఇస్తే అతను ఇంట్లో ఇచ్చేవాడు. వెంకటవ్వ విని, అదే క్యాసెట్ మీద తన మాటలు నింపి, తిరిగి వచ్చే మనిషి చేతిలో పెట్టేది. కాక వినీ వినీ, మళ్ళీ ఎవరైనా సెలవు మీద పోయే రోజున దానిమీదే జవాబు చెప్పి పంపేవాడు. క్యాసెట్లు దొరక్క కాదు. మాట చేరిందంటే దాని పని అయిపోయినట్టేనని అందరూ అనుకునేవారు. ఆమె మాట మీద ఈయన మాట, ఈయన మాట మీద ఆమె మాట. అట్లా ఎన్ని చెరిగిపోయాయో లెక్క లేదు.

ఒక్కటి మిగిలింది. అది చేరిన కొద్ది రోజులకే వాళ్ళ ఊళ్ళో టెలిఫోను డబ్బా పెట్టారు. కాక ఈసారి జవాబు ఫోనులో చెప్పాడు. అందుకే ఆ క్యాసెట్ మీద ఆయన గొంతు ఎక్కలేదు. ఇనుప పెట్టె అడుగున, ఇక్కడ ఉండనిచ్చే పాత ఇఖామా కార్డుల పక్కన గుడ్డలో చుట్టి ఉండేది. ఎన్ని రూములు మారినా పెట్టెతో పాటు అదీ మారింది.

వెంకటవ్వ చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. రెండేళ్ళ కింద ఆమెకు గొంతులో జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు వీడియో ఫోనులో ఈయన మాట్లాడతాడు, ఆమె ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని సరే అంటే దానిమీద తడుతుంది. కాదంటే తట్టదు. అంతే వాళ్ళ సంభాషణ. రోజూ చూస్తాను, రోజూ నాకు ఎవరిమీదో తెలియని కోపం వస్తుంది.

ఈ ఏడు కాక వీసా క్యాన్సిల్ చేసుకుని మొత్తానికి ఇంటికి పోవాలని నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఫోను చేసిన రోజు మూడేళ్ళ మనవరాలు తెర ముందుకు వచ్చి, "తాతా, అమ్మమ్మకు మాటలు రావా? పుట్టినప్పటి సంది రావా?" అని అడిగింది. వెంకటవ్వ పక్కనే ఉంది. చాట మీద తట్టలేదు, అటు మొహం తిప్పుకుంది.

"వస్తయి బిడ్డా. అమ్మమ్మ మాట నా పెట్టెల ఉన్నది. వచ్చేటప్పుడు తెస్త" అన్నాడు కాక.

మాట ఇచ్చేశాడు. ఇచ్చాడంటే చేస్తాడు.

ఊళ్ళో టేపు రికార్డర్లు ఎవరింట్లోనూ లేవు. క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి మనవరాలి తల్లి ఫోనుకు పంపితే సరిపోతుందని నేనే చెప్పాను. అల్ రాయ్‌లో కంప్యూటర్లు బాగుచేసే కరీంనగర్ అబ్బాయి సూర్యకిరణ్ దగ్గరికి తీసుకుపోయాను. అతను క్యాసెట్‌ను వెలుగుకు పట్టి చూసి, "కాకా, ఇది బాగ పాతదైంది. రీలు అంటుకుంటున్నది. మళ్ళ మళ్ళ తిప్పకున్రి. ఒక్కసారి మొదటి నుంచి చివరిదాక పాడనియ్యున్రి, గా ఒక్కసారిల్నే ఎక్కించుకోన్రి" అన్నాడు. టేపు రికార్డర్ ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటర్‌కు పెట్టే వైరు కూడా ఇచ్చాడు. కాక ఆ వైరును జేబులో పెట్టుకుని బస్సులో దారి పొడవునా చెయ్యి జేబు మీదే ఉంచాడు.

ఇక మా రూము కంప్యూటర్ సంగతి. అది తొమ్మిది మందిమి కలిసి శుక్రవారం సంతలో కొన్న పాత సరుకు. ఎవడికి వీలున్నప్పుడు వాడు సినిమా చూస్తాడు, ఇంటికి ఫోను చేస్తాడు, పిల్లల పరీక్ష ఫలితాలు చూస్తాడు. దానికి ఒక నియమం ఉంది. ఒకడు తెరిచి పెట్టుకున్న పేజీని ఇంకొకడు మూయకూడదు. సగం తిని లేచిన పళ్ళెం ఎవరూ తీయరు కదా, అట్లాగే. కిందికి దించి మన పని మనం చేసుకోవాలి. అందువల్ల దాంట్లో ఎప్పుడూ తొమ్మిది మంది సగం పనులు తెరిచే ఉంటాయి. శ్యాంసుందర్‌వి ఒక్కడివే ఒక సంతకు సరిపోతాయి.

ఈ శ్యాంసుందర్ అల్ రాయ్‌లో కార్ల షోరూములో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి. రూములో బల్బు మాడినా, కడుపు నొప్పి వచ్చినా, ఇఖామా అడ్డం తిరిగినా మందు అతని దగ్గర ఉంటుంది. అన్నీ వీడియోల్లో చూస్తాడు. చూసినది చూసినట్టు మనమీద ప్రయోగిస్తాడు. పోయిన ఏడు చుండ్రుకు ఏదో రాసుకోమంటే రాసుకుని ఇద్దరు టోపీ పెట్టుకుని తిరిగారు. అయినా బుద్ధి రాలేదు, వాళ్ళకూ అతనికీ.

కంప్యూటర్ బల్ల పక్కనున్న మంచం మీద పగలు గంగులయ్య పడుకుంటాడు. రుమైథియాలో ఒక పెద్ద ఇంటి ముందు రాత్రి కాపలా అతని పని. కంప్యూటర్ లోపలి డిస్క్ అదేపనిగా గరగరమంటోందనీ, పగలు తనకు నిద్ర పట్టడం లేదనీ అతను మొత్తుకునేవాడు. ఒక శుక్రవారం మటన్ కూర తిని అందరం కూర్చున్నప్పుడు శ్యాంసుందర్ దానికి మందు చెప్పాడు.

"గది వర్చువల్ మెమరీ చప్పుడు. అసలు మెమరీ గాదది, దొంగ మెమరీ. సామాను తీస్కపోయి డిస్కుల పెడ్తది, మళ్ళ తెస్తది, మళ్ళ పెడ్తది. డిస్క్ అరుగుతది, కంప్యూటర్ మెల్లగైతది. సెట్టింగుల పోయి బంద్ జేస్తె ఖలాస్. చప్పుడు ఉండది, స్పీడ్ వస్తది."

"మరి అసలు మెమరీ నిండితె?" అని నేను అడిగాను.

"నిండది."

"నిండదని ఎవలు చెప్పిన్రు?"

"వీడియోల చెప్పిండు. లక్షల మంది చూసిన్రు దాన్ని."

"ఆ వీడియోలోడు మన కంప్యూటర్ జూసిండా? దాంట్ల తొమ్మిది మందిమి కాపురం చేస్తున్నమని వానికి ఎరుకేనా?"

"నీకు తెల్వదు, తెల్సినోడు చెప్తె ఇనవు" అన్నాడు.

నిజంగానే నాకు తెలియదు. కంప్యూటర్ తయారుచేసినవాళ్ళు ఏదో అవసరం ఉండే దాన్ని పెట్టి ఉంటారని మాత్రం నా మొండి నమ్మకం. నడుస్తున్న బండి మీట ఒకటి కనబడిందని తీసి పారేస్తామా? ఫోర్క్‌లిఫ్ట్‌లో నాకు తెలియని మీటలు రెండున్నాయి, ఇన్నేళ్ళలో నేను వాటి జోలికి పోలేదు. కానీ మా రూములో ఏదైనా చేతులెత్తి తేల్చడం ఆచారం. కూరలో కారం మొదలు ఏసీ చలి వరకు అంతే. బంద్ చేయాలన్నవాళ్ళు చెయ్యి లేపమంటే ఎనిమిది చేతులు లేచాయి. లింగం కాక కూడా లేపాడు.

"నువ్వెందుకు లేపినవ్ కాకా? నీకు గదేందో ఎరుకేనా?" అన్నాను.

"నాకేం ఎరుక. గంగులయ్య కండ్లు జూడు, ఎట్ల ఎర్రగున్నయో. పాపం, పండనియ్యున్రి" అన్నాడు.

శ్యాంసుందర్ అప్పుడే కూర్చుని మీటలు నొక్కి దాన్ని బంద్ చేశాడు. అతని మాట కొన్ని రోజులు నిజమైనట్టే కనబడింది. చప్పుడు తగ్గింది, కంప్యూటర్ చురుగ్గా కదిలింది. గంగులయ్య గురక పెట్టాడు. శ్యాంసుందర్ నన్ను చూసినప్పుడల్లా కనుబొమలు ఎగరేసేవాడు. మధ్యలో ఒకడి సినిమా ఉన్నట్టుండి మూసుకుపోయింది. ఇంకొకడు ఇంటికి ఫోను చేస్తుంటే మొత్తం పేజీ మాయమైంది. శ్యాంసుందర్ సైటు మంచిది కాదన్నాడు, నెట్టు మంచిది కాదన్నాడు. తను మంచివాడు కాదని మాత్రం అనలేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున లింగం కాక క్యాసెట్, తన పాత టేపు రికార్డర్ తీశాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, బల్ల ముందు కూర్చున్నాడు. శ్యాంసుందర్ రికార్డు చేసే ప్రోగ్రాం తెరిచి ఇచ్చాడు. పాతకాలపుదట, బరువు తక్కువట. పాట అయిపోయేదాకా అంతా లోపలే పట్టుకుని ఉంటుంది, చివర్లో మనం సేవ్ నొక్కితేనే డిస్క్‌లో పడుతుంది. గంగులయ్య నిద్రపోతున్నాడని స్పీకర్ బంద్ పెట్టారు. అందువల్ల ఆమె గొంతు మాకెవరికీ వినబడలేదు. తెర మీద ఆకుపచ్చ గీత ఎగురుతుంటే కాక దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడప్పుడు నవ్వుకున్నాడు. గీత ఎక్కడ ఎగిరితే ఆమె ఏమంటోందో ఆయనకు తెలుసు.

క్యాసెట్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. మెమరీ చాలడం లేదని దాని అర్థం. కాక చదవలేడు. నేను లేచి వచ్చేలోగా ఆ ప్రోగ్రాం మూసుకుపోయింది. ఆకుపచ్చ గీత లేదు. వెనక శ్యాంసుందర్ సగం చూసిన సినిమా బొమ్మ తేలింది.

"ఏమైంది?" అన్నాడు కాక.

శ్యాంసుందర్ పరుగెత్తుకొచ్చాడు. "మాఫీ ముష్కిల్, ఏం గాదు కాకా, మళ్ళ మొదటి నుంచి పెడ్దం" అంటూ టేపు రికార్డర్ మీద వెనక్కి తిప్పే మీట నొక్కాడు. సూర్యకిరణ్ చెప్పిన మాట నేను అరిచేలోపే లోపల ఏదో కీచుమంది. మూత తెరిచి చూస్తే గోధుమరంగు రీలు పేగుల్లా బయటికి వచ్చింది. ఒకచోట నలిగి, ఇంకోచోట తెగింది.

నేను శ్యాంసుందర్ కాలరు పట్టుకున్నాను. నోటికి వచ్చిన మాటలన్నీ అన్నాను, అవి ఇక్కడ రాయను. గంగులయ్య నిద్ర లేచి ఏమైందో తెలియక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నేనేం జేసిన? ఆయన పాత క్యాసెట్‌కు నేను జవాబుదార్నా? చెయ్యి నేనొక్కన్నే లేపిన్నా?" అన్నాడు శ్యాంసుందర్.

"చెప్పింది ఎవడు? తెల్సినట్టు చెప్పింది ఎవడు?"

"ఇడువు నర్సింగ్" అన్నాడు లింగం కాక. చాలా మెల్లగా అన్నాడు. ఆ రీలును వేలితో కొంచెం కొంచెంగా క్యాసెట్లోకి చుట్టి, గుడ్డలో పెట్టాడు. తర్వాత లేచి వంటింట్లోకి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టాడు. ఆ రోజు వంట వంతు ఆయనది. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే. భార్య గొంతు ముక్కలై గుడ్డలో ఉంటే ఈ మనిషి బియ్యం ఎట్లా కడుగుతాడు? పోయి అడిగాను కూడా. "తొమ్మిది మంది తినాలె కదరా" అన్నాడు. నీళ్ళు పారబోస్తూ గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టడం మరిచాడు. గింజలు సగం సింకులో పడ్డాయి. నేను గింజలు ఏరాను.

సాయంత్రం సూర్యకిరణ్ దుకాణానికి ముగ్గురం పోయాం. శ్యాంసుందర్‌ని రమ్మని ఎవరూ పిలవలేదు, అతనే బస్సెక్కాడు. బస్సులో నేను అతని పక్కన కూర్చోలేదు. కంప్యూటర్ డబ్బాను కూడా ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాం. సూర్యకిరణ్ దాన్ని తెరిచి చూసి, మొదట నవ్వి, కాక మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"వర్చువల్ మెమరీ ఎవలు బంద్ జేసిన్రు?"

కాకే, "అందరం అనుకోని చేసినం బిడ్డా" అన్నాడు.

"మీ రూముల మంచాలెన్ని?"

"ఆరు" అన్నాను.

"మనుషులు?"

"తొమ్మిది."

"ఎట్ల పంటున్నరు మరి?"

"డ్యూటీకి పోయినోని బొంత చుట్టి మంచం కిందికి తోస్తం, వచ్చినోడు పంటడు."

"కంప్యూటర్ గదే చేస్తది అన్నా. మెమరీ అంటె మంచం. ఇప్పుడు పని లేనిదాన్ని చుట్టి డిస్కుల పెట్టి, పని ఉన్నదానికి మంచం ఇస్తది. మీరు మంచం కింద జాగా బంద్ జేసిన్రు. మీ సినిమాలు, మీ పేజీలు అన్ని మంచాల మీదనే పండుకోని ఉన్నయి. కాక రికార్డు పెరుగుకుంట పోయింది, దానికి జాగ దొరకలె. బయటికి నూకేసింది."

నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. ఈసారి శ్యాంసుందర్ ఒక్కడి మీద కాదు. తొమ్మిది మందిమి మంచం కింద జాగా మీద బతుకుతున్నాం. అది లేకపోతే ముగ్గురు రోడ్డు మీద పడుకోవాలి. అలాంటివాళ్ళం కూర్చుని, మటన్ తిని, చేతులెత్తి ఆ జాగానే వద్దనుకున్నాం.

"మెమరీ ఎక్కువున్నోళ్ళు తీసేయొచ్చు కదా" అని శ్యాంసుందర్ గొణిగాడు. ఇంకా వదలడు చూడండి.

"ఎక్కువున్నోళ్ళకు అది ఉన్నా నష్టం లేదు. ఎన్నడన్న నిండితె పనికొస్తది. తక్కువున్నోళ్ళు తీసేస్తె గిట్లయితది. ఎవలైనా దాని జోలికి పోకుంటెనే మంచిది. చప్పుడు పోవాల్నంటె చప్పుడు లేని డిస్కులు దొరుకుతయి, గవి ఏస్కోన్రి" అన్నాడు సూర్యకిరణ్.

అతను వర్చువల్ మెమరీని మళ్ళీ తెరిచాడు. ఎప్పటి మాట అప్పుడే డిస్క్‌లో రాసుకునే ఇంకో రికార్డు ప్రోగ్రాం ఎక్కించాడు. తర్వాత క్యాసెట్ పెంకు విప్పి, తెగిన చోట అంటించి, బాగా నలిగిపోయిన ముక్కను కత్తిరించి తీసేశాడు. "చివర్ల కొంచెం పోయింది కాకా. ఏం జెయ్యలేను" అన్నాడు. కాక ఆ కత్తిరించిన ముక్కను అడిగి తీసుకుని గుడ్డలో పెట్టుకున్నాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఈసారి నేను నియమం పక్కన పెట్టి అందరి పేజీలూ మూయమన్నాను. ఎవరివి వాళ్ళు వచ్చి మూసుకున్నారు. శ్యాంసుందర్ తనవి మూయడానికి చాలాసేపు పట్టింది. నేను అతని వెనకే నిలబడి చూశాను. స్పీకర్ బంద్ పెట్టబోతే గంగులయ్య మంచం మీద లేచి కూర్చుని, "వద్దు, పెట్టున్రి. నేను పంటలేను" అన్నాడు.

కాక మీట నొక్కాడు. కాసేపు బుసబుస. తర్వాత కత్తెర చప్పుడు. బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న చప్పుడది. పనిలో ఉండే మాట్లాడిందన్నమాట. ఆ తర్వాత గొంతు. పెద్ద గొంతు, కరుకు గొంతు. వీడియో ఫోనులో చాట తట్టే ఆ సన్నటి మనిషిలో ఇంత గొంతు ఉండేదని నేను అనుకోలేదు.

"ఏందయ్యో, ఇంటున్నవా? ఇంటవు, ఇంటవు. ఇనుకుంట నవ్వుతవు. ఎదురుంగ ఉంటె ఎట్ల నవ్వుతవో చూద్దును. కంబళి పంపినవ్. ఎండలు మండుతుంటె కంబళి. కప్పుకోని సావాల్నా? సెంటు సీసలు పంపినవ్, తంబాకు వాసన పోతదనుకున్నవా? పిల్లకు గౌను పంపినవ్, చేతులు పడతలేవు దానికి. అది నిరుటి కొలత. నీ కండ్ల ముంగట పెరుగుతున్నదా అది, నీకు కొలత తెల్వడానికి?"

మాకు నవ్వు వచ్చింది. అందరం పగలబడి నవ్వాం. కాక కూడా నవ్వాడు. ఆమె ఆపలేదు. ఇంటి కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టిన సంగతికి తిట్టింది. పిల్లకు జ్వరం వస్తే ఎత్తుకుని నడిచిపోయిన రాత్రికి తిట్టింది. దుబాయి పోయినవాళ్ళ పెళ్ళాలకు కష్టమేముంటుందని వెక్కిరించిన ఆడబిడ్డ మాటకు కూడా ఈయన్నే తిట్టింది. ఈయన ఉన్నది కువైట్ అని వాళ్ళకు చెప్పీ చెప్పీ నోరు నొచ్చిందట. మధ్యలో కత్తెర ఆగదు.

"తిడుదమంటె మనిషి లేడు, ఈ డబ్బ ఉన్నది. దీనికి సిగ్గు లేదు. ఎంత తిట్టినా గుండ్రంగ తిరుగుతనే ఉంటది, నీ లెక్కనే."

అక్కడికి వచ్చేసరికి రూములో ఎవరూ నవ్వడం లేదు. "మా ఇంటిది గూడ గిట్లనే" అన్నాడు గంగులయ్య. నాకు మా ఇంట్లో గొంతు గుర్తుకొచ్చింది. పోయిన వారం ఆమె ఏదో అంటుంటే చార్జింగ్ లేదని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాను.

ఉన్నట్టుండి మాట మధ్యలో తెగింది. అంటించిన చోటు అది. ఆ తర్వాత బుసబుస తప్ప ఏమీ లేదు. కత్తిరించిన ముక్కతో పాటు చివరి మాటలు పోయాయి. నేను శ్యాంసుందర్ వైపు తిరిగాను. నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. అతను తల దించుకుని గచ్చు చూస్తున్నాడు. అయినా అనేవాణ్ణే.

"ఇంక కొంచెం ఉంటది" అన్నాడు లింగం కాక.

"పోయింది కదా కాకా."

"నాకు ఎరుకే. మొత్తం వస్తది నాకు. నా గొంతుతోని చెప్తె ఎక్కుతదా?"

ఫోనుకు వాడే మైకు తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాను. రికార్డు నడుస్తూనే ఉంది. ఏసీ గట్టిగా రొద చేస్తోంది. శ్యాంసుందర్ లేచి, ఎవరూ చెప్పకుండానే, ఏసీ ఆపాడు. బయట జూలై ఎండ. కాసేపట్లోనే అందరి చొక్కాలూ తడిశాయి, ఎవరూ కదల్లేదు.

కాక మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజు పెంచాడు. ఆమె మాట, ఆమె కరుకు, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే ఊపిరి తీసుకుంటూ తనను తానే తిట్టుకున్నాడు.

"ఇగో, డబ్బ ఒడుస్తున్నది. నేను తిట్టేది ఒడువలె. నువ్ గిట్ల సుట్టం లెక్క వచ్చి పోతుంటె ఎన్నడు ఒడువది. మొత్తానికి రా. మిగిలింది అప్పుడు తిడత. ఈ డబ్బల గాదు, నీ మొకం జూసి తిడత. నువ్ నవ్వితె సంపుత. వస్తున్నవా లేదా, గది చెప్పు."

అక్కడ ఆగాడు. మైకు దించాడు.

"ఎక్కిందా?" అని నన్ను అడిగాడు.

"ఎక్కింది కాకా."

సేవ్ నొక్కాను. డిస్క్ చాలాసేపు గరగరమంది. గంగులయ్య అది ఆగేదాకా కూర్చుని, తర్వాత మంచం కింది నుంచి తన బొంత లాక్కున్నాడు.